రెండూ ఉన్నాయిగా!

"అమ్మా, కారు కదలనని మొరాయించిందే!"

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలో ఉండగా అమెరికా నుంచి మా పెద్దమ్మాయి ఫోను.

"పెట్రోలు పోయించుకోవడం మర్చిపోయారా ఏమిటే?" అన్నాను.

"లేదమ్మా, సగం ట్యాంకు ఉంది."

"మరి రాత్రిళ్ళు కరెంటు ఎక్కించాలన్నావుగా, అది ఎక్కించలేదా?"

"అదీ ఎక్కించాం. నిండుగా ఉంది."

"రెండూ ఉండి కదలకపోవడమేమిటే, విడ్డూరం కాకపోతే!"

అటునుంచి జవాబు లేదు. నాకు మటుకు ఆ మాట రోజల్లా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒక దారి మూసుకుపోతే రెండో దారి ఉంటుందనే కదా మనం ఏదైనా రెండు పెట్టుకునేది? ఒకటే ఉన్నవాడికి అది పోతే దిక్కులేదు, రెండున్నవాడికి భయమేమిటి? చిన్నప్పట్నించీ మనకి ఇదే లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తేల్చుకుందామని కూచున్నాను. "నీకు కార్ల సంగతి ఏం తెలుసని?" అని మావారు నవ్వారనుకోండి. నవ్వనివ్వండి.

ముందు ఆ కారు ఎలాంటిదో చెప్పాలి. దాన్ని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. పెట్రోలుతో నడిచే ఇంజనూ ఉంటుంది, కరెంటుతో తిరిగే మోటారూ ఉంటుంది. ఆ మోటారుకి ఓ పెద్ద బ్యాటరీ. పడుకోబోయే ముందు సెల్‌ఫోనుకి పెట్టినట్టే దానికీ ప్లగ్గు పెట్టాలి. తెల్లారాక మోడల్‌ని బట్టి ఓ 20 మైళ్ళ నుంచి 50 మైళ్ళ దాకా కరెంటు మీదే వెళ్ళొచ్చు. అది అయిపోతే పెట్రోలు ఇంజను అందుకుంటుంది. ఆఫీసుకీ బజారుకీ కరెంటు, పై ఊళ్ళకి పెట్రోలు.

మన రోడ్ల మీద ఈమధ్య కనబడుతున్న హైబ్రిడ్ ఇన్నోవాల్లాంటివి వేరు. వాటికి ప్లగ్గుండదు. బ్యాటరీ చిన్నది, ఇంజను తిరిగేటప్పుడూ బ్రేకు తొక్కినప్పుడూ దానంతటదే నిండుతుంది. 1997లో జపానులో వచ్చిన టయోటా ప్రియస్ ఆ జాతిది. ప్లగ్గున్న రకాన్ని 2008 డిసెంబరులో చైనాలో బి.వై.డి. కంపెనీ అమ్మడం మొదలుపెట్టింది. 2010 చివర్లో అమెరికాలో షెవర్లే వోల్ట్ వచ్చింది. మన దేశానికి వోల్వో, బి.ఎం.డబ్ల్యు. లాంటి ఖరీదైన కంపెనీలవి ఏవో కొద్దిగా వచ్చాయంతే. మా కూచిపూడి సెంటర్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడినా అలాంటిది ఒక్కటి కంటబడుతుందని నేను హామీ ఇవ్వలేను.

వినడానికి మాత్రం ఎంత బాగుందో చూడండి! "అబ్బాయికి ఉద్యోగమూ ఉంది, ఊళ్ళో పొలమూ ఉంది" అని పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పినట్టుంది. పెళ్ళయ్యాక కదా తెలిసేది, ఉద్యోగానికి సెలవు దొరకదనీ, పొలానికి మనిషి దొరకడనీ!

రెండో రోజు అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. కారుని ఇంకో బండి మీద ఎక్కించి గ్యారేజీకి పంపారట. కదలకపోవడానికి కారణం వింటే మీరూ ముక్కున వేలేసుకుంటారు. ఆ పెద్ద బ్యాటరీ కాక, మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఇందులోనూ ఉంటుంది. చక్రాలు తిప్పేది పెద్దదే గాని, దాన్ని నిద్రలేపి పనిలో పెట్టేది చిన్నది. లోపలి కంప్యూటర్లకి ప్రాణం పోసేదీ అదే. అది చచ్చిపోయింది. గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్టయింది వాళ్ళ పని.

అంతటితో పోలేదు. గ్యారేజీవాళ్ళు పనిలో పనిగా బండంతా చూసి ఇంత పొడుగు చీటీ రాసిచ్చారు. చిన్న బ్యాటరీ మార్పించడానికి రెండు వందల డాలర్ల పైమాట. బ్రేకు డిస్కులకి తుప్పు పట్టింది. ఈ కార్లలో వేగం తగ్గించే పని చాలామటుకు మోటారే చేసి, ఆ ఊపుని కరెంటుగా మార్చి దాచుకుంటుంది. అందుకని అసలు బ్రేకులకి పని తక్కువ. వాడి వాడి అరిగిపోయిన బ్రేకుల సంగతి విన్నాను గాని, వాడక చెడిపోయిన బ్రేకుల సంగతి వినడం అదే మొదలు. ఇంజనుని చల్లబరిచే కూలెంటు ఒకటీ, బ్యాటరీని చల్లబరిచేది ఇంకొకటీ; రెంటికీ గడువు దాటింది. ఇక గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే ఛార్జరు కారులోనే ఉంటుంది. అది నేడో రేపో అన్నట్టుంది. దానికి మూడు వేల డాలర్ల పైచిలుకు. మన లెక్కలో రెండున్నర లక్షలకి పైనే!

మన పామర్రు రోడ్డు మెకానిక్కులాగా స్పానరు పెట్టి "ఓ చెయ్యేసి చూద్దాం" అనే పని కాదుట ఇది. వందల వోల్టుల కరెంటు పారే నారింజ రంగు తీగలుంటాయి లోపల. ప్రత్యేకంగా నేర్చుకున్నవాళ్ళు, కరెంటు సోకని చేతితొడుగులు వేసుకుని ముట్టుకోవాలి. పెద్ద బ్యాటరీ పోయిందంటే వేల డాలర్ల వ్యవహారం. అందుకే అమెరికాలో కంపెనీలు దానికి సాధారణంగా 8 ఏళ్ళు, లేదా లక్ష మైళ్ళు, ఏది ముందయితే అంతవరకు పూచీ ఇస్తాయి. మావాళ్ళు కారుని సెకండ్ హ్యాండులో కొన్నారు. పూచీ గడువు నిరుడే తీరింది. అమ్మినవాడు రెండిటి సుఖం గురించి గంటసేపు చెప్పాడట గాని, రెండిటి చాకిరీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కొన్నవాళ్ళూ అడగలేదు లెండి.

పోనీ ఇది మావాళ్ళ ఒక్కళ్ళ ఖర్మమా అంటే, కాదు. వాడేవాళ్ళని అడిగి వస్తువుల మంచిచెడ్డలు చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ అమెరికాలో ఉంది. 2023లో వాళ్ళు ప్రకటించిన సర్వేలో ప్లగ్గున్న హైబ్రిడ్లకి పెట్రోలు కార్లకన్నా సగటున 146 శాతం ఎక్కువ ఇబ్బందులు. 2024 సర్వేలో అది 70 శాతానికి దిగింది. తయారీలోనే దోషం ఉన్నవీ లేకపోలేదు. 2020లో యూరప్‌లో ఫోర్డ్ కూగా ప్లగ్-ఇన్ కార్లవాళ్ళని అసలు ప్లగ్గే పెట్టొద్దన్నారు. 2022లో అమెరికాలో క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్లలో 2017, 2018 మోడళ్ళు మంటలంటుకునే ప్రమాదముందనీ, ఇళ్ళకి దూరంగా ఆరుబయట నిలుపుకోమనీ చెప్పారు. ఇలాంటివాటికి కొన్నవాళ్ళని తప్పుపట్టడం అన్యాయం.

అయితే ఆ 2023 లెక్కలోనే ఇంకో సంగతుంది. ప్లగ్గులేని హైబ్రిడ్లకి పెట్రోలు కార్లకన్నా 26 శాతం తక్కువ ఇబ్బందులు! వాటిలోనూ ఇంజనూ మోటారూ రెండూ ఉన్నాయి కదా? మరి రెండుండటమే పాపమయితే వాటికీ అంటాలి కదా?

నిపుణులు చెప్పే కారణాలున్నాయి. ప్లగ్గు రకంలో బ్యాటరీ పెద్దది, ఛార్జరు అదనం, సరంజామా ఎక్కువ, అనుభవం తక్కువ. అవన్నీ నిజమే. వాటికి తోడు నాకు తోచింది ఒకటి చెబుతాను. ప్లగ్గులేని దాంట్లో ఇద్దరూ రోజూ కలిసి పనిచేస్తారు, తోడికోడళ్ళు ఒకే వంటింట్లో మసిలినట్టు. ప్లగ్గున్న దాంట్లో ఒకళ్ళు పనిచేస్తుంటే ఇంకొకళ్ళు వారాల తరబడి కూచునుండే వీలుంది. "అవసరమైనప్పుడు పిలుస్తాంలే" అని మనం ఒకళ్ళని మూల కూచోబెట్టేస్తాం.

మా అమ్మాయి చీటీలో చివరి మాట అదే. ట్యాంకులో పెట్రోలు పది నెలల నాటిది! "ఈ ఏడాదిలో పెట్రోలు బంకు మొహం చూడలేదమ్మా" అని సంక్రాంతికి ఫోనులో గొప్పగా చెప్పుకుంది. నేనూ పక్కింటావిడతో గొప్పగా చెప్పుకున్నాను. కదలని పెట్రోలు పాతబడుతుందనీ, తిరగని ఇంజనులో నూనె భాగాలకి అందక కిందికి జారిపోతుందనీ ఇద్దరికీ తోచలేదు. తయారుచేసినవాళ్ళకి మాత్రం తెలుసు. షెవర్లే వోల్ట్‌లో ఆరు వారాలపాటు ఇంజను పని పడకపోతే కారే దాన్ని కాసేపు తిప్పుకునేది. ట్యాంకులో పెట్రోలు ఏడాది పాతదయితే దాన్ని తనే ఖర్చు పెట్టేసేది. "అవసరం లేకపోయినా ఓసారి పలకరించి వస్తా" అన్నట్టు! మర మనిషికి నేర్పాల్సి వచ్చిన మర్యాద అది.

దీనికి తిరగేసినవాళ్ళూ ఉన్నారు. కరెంటు కారని పేరుకి కొనుక్కుని, ప్లగ్గు పెట్టడానికి బద్ధకించి పెట్రోలు మీదే తిరిగేవాళ్ళు. 2021లో రిజిస్టరయిన కార్లు రోడ్డు మీద నిజంగా ఎంత ఇంధనం తాగాయో లెక్క చూసి, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు ప్రయోగశాలలో చూపించినదానికన్నా సగటున 3.5 రెట్లు బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాయని 2024లో యూరోపియన్ కమిషన్ తేల్చింది. అనుకున్నంతగా ఎవరూ ప్లగ్గు పెట్టకపోవడమే ముఖ్య కారణం. అంత బరువు బ్యాటరీని వీపున మోసుకుంటూ పెట్రోలు తగలెయ్యడమన్నమాట.

"ఇదంతా డబ్బున్న దేశాల గొడవ, మనకెందుకూ" అంటారా? మొన్న తుపాను రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. కరెంటు పోయింది. "ఇన్వర్టరుందిగా" అని అందరం నిశ్చింతగా కంచాల ముందు కూచున్నాం. పప్పులోంచి పులుసులోకి వచ్చేసరికి అది కీచు కీచుమని ఆరిపోయింది. మర్నాడు కరెంటబ్బాయి మూత తీసి చూసి, "డిస్టిల్డ్ వాటరు ఎప్పుడు పోశారమ్మా?" అన్నాడు. నేను మావారి వంకా, మావారు నా వంకా చూసుకున్నాం. మా ఇద్దరి పెత్తనంలో ఉన్న ఏ వస్తువుకైనా అదే గతి లెండి. నువ్వు చూస్తున్నావనుకున్నానని ఆయనా, మీరు చూస్తున్నారనుకున్నానని నేనూ!

మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ పాఠం కొత్తగా రాకూడదు. కూచిపూడి భాగవతుల సంప్రదాయంలో పాత్ర కట్టినవాళ్ళు ఆడటమే కాదు, తామే పాడతారు, మాటా చెబుతారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు మగవాడై ఉండి సత్యభామ వేషానికి పేరుమోసి, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి విద్యలో "ఆట వచ్చుగా, పాట అవసరానికి చూసుకుందాం" అంటే కుదురుతుందా? తెర దగ్గర నిలబడి జడ ముందుకు వేసుకున్నాక గొంతు రాకపోతే, అప్పుడు వెతుక్కుంటే దొరుకుతుందా? రెండు విద్యలున్నవాడికి గొప్ప రెట్టింపు, సాధనా రెట్టింపే. ఆ రెండో రెట్టింపు మాట చెప్పకుండా మొదటిదాన్ని మాత్రమే అమ్మడం, కొనడం ఇవాళ్టి పద్ధతి.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే హాయిగా ఉండేది. తప్పంతా అమ్మాయిదీ, అల్లుడిదీ, కంపెనీదీ అయిపోయేది. కాని అదే వారంలో నేను అవనిగడ్డకి ఫోను చేశాను.

అవనిగడ్డలో మా పిన్ని ఉంది. అమ్మ చెల్లెలు. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. నా రెండు పురుళ్ళకీ ఆవిడే వచ్చింది. అమ్మ మంచాన పడ్డ ఆర్నెల్లూ ఆవిడే చేసింది. మా అమ్మాయి పెళ్ళికి నెలరోజులు ముందొచ్చి అరిసెల పాకం దగ్గర్నించి అప్పగింతల దాకా నిలబడింది. "మాకేం, పిన్ని ఉందిగా" అన్నది మా ఇంట్లో ఊతపదం. ఇప్పుడు నా మోకాలికి ఆపరేషను చెయ్యాలన్నారు. పదిహేను రోజులు ఇంట్లో ఓ మనిషి కావాలి. ఎవరు గుర్తొస్తారు?

ఫోనెత్తగానే పిన్ని నా గొంతు గుర్తుపట్టి, ఆదుర్దాగా అడిగింది: "ఏమ్మా, ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా?"

ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. నా ఫోనంటే ఎవరికో ఒంట్లో బాగాలేదన్నమాటే అని ఆవిడకి ఏళ్ళ తరబడి అలవాటయిపోయింది. కారు ట్యాంకులో పెట్రోలు వయసు పది నెలలని నవ్వానే, పిన్నితో నేను ఊరికే మాట్లాడి ఎన్నాళ్ళయిందో లెక్క వేసుకుంటే ఏడాదిన్నర దాటింది.

"లేదు పిన్నీ, ఊరికే చేశాను. రేపు వద్దామనుకుంటున్నా" అన్నాను. మొదటిది అబద్ధం. దాన్ని నిజం చెయ్యడానికి రెండోది.

మర్నాడు చల్లపల్లి మీదుగా, పులిగడ్డ దాటి అవనిగడ్డ వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా నన్ను నేనే అడుగుతున్నాను. మనిషిని అవసరానికి ఉంచుకోవడం తప్పా? తప్పని ఎలా అనగలం? ఆపదకి అక్కరకొచ్చేవాడే చుట్టమని మనమే అంటాం. ఒకళ్ళకొకళ్ళం అవసరపడకపోతే బంధుత్వానికి అర్థమేముంది? అవసరానికి పిలవడంలో తప్పులేదు. అవసరానికి మాత్రమే పిలవడంలో ఉంది. "ఉందిలే" అన్న మాట ధీమాలా వినబడుతుంది గాని, చాలాసార్లు అది మర్చిపోవడానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు.

నేను వెళ్ళేసరికి పిన్ని పెరట్లో నూతి దగ్గర ఉంది. డెబ్బై దాటిన మనిషి, చేదతో నీళ్ళు తోడి మొక్కలకి పోస్తోంది. ఆ పక్కనే పంచాయతీ కుళాయి కారుతోంది.

"కుళాయి ఉందిగా పిన్నీ, ఎందుకీ అవస్థ?" అన్నాను.

"కుళాయి ఉంటే మటుకు? నుయ్యిని వాడకపోతే నీళ్ళు వాసనకొస్తాయే. రోజూ నాలుగు చేదలు తోడుతుంటేనే తేటగా ఉంటాయి" అంది.

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి పిన్ని కొత్తకోడలు. ఆ తరవాత గుక్కెడు మంచినీళ్ళకి దివిసీమ ఎలా అల్లాడిందో కళ్ళారా చూసిన మనిషి. ఆవిడకి రెండో దారంటే ఏమిటో తెలుసు. అది ఎప్పటికో పనికొచ్చేది కాదు, రోజూ నాలుగు చేదలు.

సాయంత్రం దాకా కూచున్నాను. మోకాలి సంగతి ఎత్తలేదు. బస్సు దగ్గరికి సాగనంపడానికి వచ్చి, నా నడక చూసి ఆవిడే అంది: "మోకాలు బాగా పీకుతున్నట్టుందే. ఆపరేషను చేయించుకుంటే ముందుగా చెప్పు, వస్తాను." నాకు తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు. "దానికోసం రాలేదు పిన్నీ" అన్నాను. "తెలుసులేవే" అంది. ఏం తెలుసో నేను అడగలేదు.

రాత్రి అమ్మాయి మళ్ళీ అడిగింది, ఆ మూడు వేలూ పోసి బాగుచేయించాలా, అమ్మేసి ప్లగ్గులేనిది తీసుకోవాలా అని. నాకు తెలిసినంతలో చెప్పాను. "ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టుకునే వీలుండి, రోజూ తిరిగేది కొద్ది దూరమే అయి, నెలకోసారైనా ఇంజనుని తిప్పి, రెంటికీ వేళకి నీళ్ళూ నూనే చూసుకోగలిగితే ఉంచుకోండి. అంత ఓపిక లేదంటారా, ఒక్కదాన్నే నమ్ముకోండి. అందులో చిన్నతనమేమీ లేదు. అంత చేసినా ఏదో ఒకటి చెడిపోనూవచ్చు. చూసుకోవడం మన వంతు, చెడకుండా ఉండటం మన చేతిలోది కాదు."

కారు విషయంలో ఆ సౌకర్యం ఉంది. చూసుకోలేకపోతే ఒకదాన్ని వదిలించుకుని తేలిగ్గా ఉండొచ్చు. మనుషుల విషయంలో అలా కుదరదు. "నాకు ఓపిక లేదు, పిన్నిని అమ్మేస్తాను" అంటే కొనేవాడెవడు? ఆవిడ మనని ఎప్పుడో తన మనిషిగా రాసేసుకుంది. మనకి మిగిలిన దారల్లా రోజూ నాలుగు చేదలు తోడుకోవడమే.

ఆపరేషను వచ్చే నెల. పిన్నిని రమ్మనాలా, డబ్బిచ్చి ఓ మనిషిని పెట్టుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా ఆదివారం ఆదివారం ఫోను చేస్తున్నాను. మొదటి రెండు వారాలూ "ఎవరికన్నా బాగాలేదా?" అనే అడిగింది. మొన్న మూడోవారం మాత్రం, "ఏం కూర వండావే?" అంది.